వేడి తాకిన చోటు

అతుకు తెగదు.
ముప్పై ఒక్క ఏండ్లు బాలానగర్ షెడ్డుల
హెల్పర్లకు నేను చెప్పిన పాఠం ఇదొక్కటే.
మంచిగ పెట్టిన అతుకు తెగదు బిడ్డా,
దాని పక్కపొంటి, వేడి తాకిన చోట,
ఆర్నెల్లకో ఏడాదికో
వెంట్రుకంత పగులు లేస్తది.
అక్కడ చూడు.

నా కడుపుల గడ్డకు కరెంటు పెట్టినప్పుడు
ఈ మాట నాకే యాదికి రాలే.

ఇరవై ఎనిమిది పొద్దులు.
పొట్ట మీద ఊదా సిరాతోటి గీతలు కొట్టి
కడగొద్దన్నరు.
రేకు కోసే ముందు మేమూ గీస్తం, చాక్‌పీసుతోటి.
మంట లేదు, మెరుపు లేదు, వాసన లేదు.
నల్లద్దం లేకుంట నేను ఎదురు నిలవడ్డ ఆర్కు
నా జన్మల అదొక్కటే.
గడ్డ పోయిందని కాయిదం రాసిచ్చిండ్రు.
మూసాపేటల అరకిలో కలాకంద్ కొన్నం.

తొమ్మిదో నెల
ఫతేనగర్ బ్రిడ్జి నేనెక్కుతున్ననా
అదే నా మీదికెక్కుతున్నదా తెలుస్తలేదు.
పొద్దున పాయిఖానల తారు.
రోడ్డుకు పోసే తారే, జిగటగ,
పాడు వాసన.
నాలుగు దినాలు దాసిన. ఎవరికి చెప్తం ఇసొంటియి?
ఫ్లష్ పనిచేయక సుగుణమ్మ చూసింది.
ఏమనలే.
ఆరోగ్యశ్రీ కార్డు, చద్దరు, ప్లాస్కు
సంచిల వెట్టి చెప్పులేసుకుంది.

రక్తం ఐదు పాయింట్ రెండు.
షెడ్డు నుంచి ముస్తకీం, ఝార్ఖండ్ పోరడు లఖిందర్ వచ్చిండ్రు.
వాళ్ల గ్రూపు నాది కాదు.
వాళ్లది తీస్కోని ఎవరిదో నాకెక్కిచ్చిండ్రు.
ఎవరిదో ఇప్పటికీ తెల్వదు.
ఆ మనిషి నైట్ డ్యూటీ చేసేటోడేమో,
రెండు రాత్రులు నాకు కన్ను మూతవడలే.

డాక్టర్ ఇందీవర ఫోటో చూపిచ్చింది.
కడుపు కింది మూలకు ఎర్రటి సన్న నరాలు,
మ్యాపుల వాగుల లెక్క,
ఒక్కో వాగు కొసకు చెమ్మ.
పొడుగు పేరేదో చెప్పింది.
నాకు ముందు సగమే వినవడ్డది: తెలంగా...
"మాదేనమ్మా" అన్న.
ఆమె నవ్వలే. కొంచెమాగి నవ్వింది.

"ఇది గడ్డ కాదు. గడ్డను కాల్చిన వేడి
పక్కనున్న తోలును గూడ..."
"అతుకు పక్కన" అన్న.
"ఏంటి?"
"ఏం లేదు. దేనితోటి మూస్తరు?"
"ఆర్గాన్ గ్యాస్‌తో."

లేచి కూసున్న.
"ఎన్ని లీటర్లు పెడ్తరు?"
"నిమిషానికి ఒకటి."
"మేం ఎనిమిది పెడ్తం."
"మీది స్టీలు, ఇది కడుపు."
"కొస తాకకుండ పట్టాలె, తాకితే అంటుకుంటది."
"తెలుసు" అన్నది,
నా సీనియర్ మిస్త్రీ నన్ను చూసినట్టు చూసి.

తొడకు ఎర్త్ ప్లేటు అతికిచ్చిండ్రు.
నా తొడకు!
ఎన్ని వేల జాబులకు నేను క్లాంపు పెట్టిన,
ఇయ్యాల జాబు నేనే.
గొంతుల చేదు మందు కొట్టి, పళ్ల నడుమ రింగు పెట్టి
నల్ల పాము లోపలికి పోతుంటే
చెవులే మిగిలినయి నాకు.
బూటు పెడలు మీద ఒత్తినప్పుడల్ల
టిక్కుమని చిన్న సప్పుడు.
చెయ్యి వణకుతలేదని సప్పుడుతోటే తెలిసింది.
కంట్లెకెల్లి నీళ్లు కారినయి,
నొప్పికని రాసుకున్నరేమో.

మూడుసార్లయింది. ఇప్పుడు తొమ్మిదిన్నర.
ఆరు వారాలకు మళ్ల రమ్మంది.
మొత్తం మూసుకుందని ఆమె చెప్పలే,
నేనడగలే.
టెస్టింగు కానిది మేమూ గ్యారంటీ ఇయ్యం.

ఇనుము గోలీలు మింగుతున్న,
వాటితోటి గూడ నల్లగనే అయితదట.
ఏ నలుపు ఏదో కనిపెట్టుడే
ఇప్పుడు మా ఇద్దరి పొద్దటి పని.
తలుపు అవుతల సుగుణమ్మ నిలవడి అడుగుతది,
చాయ్ చల్లారుతున్నా కదలదు:

"ఏం నలుపు?"
సెల్లు లైటు కొట్టి వంగి చూస్త.
"ఇనుము."
"సరిగ చూసినవా?"
"ఇనుమేనే.
ముప్పై ఒక్క ఏండ్ల సంది చూస్తున్న గదా."